ఎర్రగచ్చు వరండా

మా మాస్టారింటి వరండాకి ఎర్రగచ్చు. సాయంత్రం క్లాసుకి ముందు పిన్నిగారు తడిగుడ్డ పెట్టి తుడిస్తే కిటికీ ఊచల నీడ కూడా అందులో కనిపించేది. మేం వరసగా నిలబడే చోట్లు మాత్రం మెరుపు పోయి, లేత ఇటుకరంగుకి తిరిగి, రెండరచేతులంత మచ్చలుగా ఉండేవి. ఎన్నేళ్ళ నుంచి ఎంతమంది పిల్లల పాదాలు పడితే అలా అయిందో. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా "ఎక్కడ నిలబడను మాస్టారూ?" అని అడిగితే, ఆయన వేలు పెట్టి చూపించేవారు కాదు. "నేల చూసుకో, తెలుస్తుంది" అనేవారు.

1981 వేసవి సెలవుల్లో నాన్న నన్ను సైకిలు మీద తీసుకెళ్ళి ఆ వరండా మెట్ల దగ్గర దింపారు. గుడివాడలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మాస్టారిది కూచిపూడి. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో, మొవ్వ పక్కన ఉండే ఊరు. తరతరాలుగా ఆటలు ఆడే భాగవతుల ఇంట పుట్టి, చిన్నతనమంతా వేషాలు కట్టి, పెళ్ళయ్యాక గుడివాడ వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరారు. సాయంత్రాలు ఆ వరండాలో పిల్లలకి నాట్యం చెప్పేవారు. ఆయన భార్యని మేమంతా పిన్నిగారు అని పిలిచేవాళ్ళం. ఆవిడదీ కూచిపూడే. క్లాసు జరుగుతున్నంతసేపూ ఆవిడ లోపలి గదిలోనే ఉండేవారు. వరండాకీ ఆ గదికీ మధ్య పసుపు రాసిన ఎత్తయిన గడప ఉండేది. దాని అవతల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనో, చిక్కుడుకాయలు వలుచుకుంటూనో కనిపించేవారు. చేటలో బియ్యం ఎగరేసినా మాస్టారి తాళంలోనే పడేవి. అది అప్పట్లో మాకు వింతగా తోచలేదు. ఆ ఇంట్లో అన్నీ తాళంలోనే జరుగుతాయనుకునేవాళ్ళం.

నేను నాట్యంలో చేరింది ఇత్తడి పళ్ళెం మీద నిలబడి ఆడాలని. ఎక్కడో క్యాలెండరు మీద తరంగం ఆడుతున్న ఆవిడ బొమ్మ చూశాను. పళ్ళెం అంచుల మీద పాదాలు, తల మీద చెంబు. మొదటిరోజే పళ్ళెం ఎక్కిస్తారనుకున్నాను. మాస్టారు మూడు వారాలు నమస్కారం తప్ప ఇంకేమీ చెప్పలేదు. అడుగులు లేవు, ముద్రలు లేవు, నమస్కారమే.

ఆయన చెప్పిన నమస్కారం "తత్, ధిత్, తోం, నం" అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యేది. మృదంగం పట్టుకున్న పిల్లలకి మొట్టమొదట చెప్పేవి కూడా అవే. సమపాదంలో, అంటే రెండు పాదాలూ పక్కపక్కన సమంగా పెట్టి, నిలబడాలి. చేతులు గుండెల ముందుకి రావాలి. కుడిపాదం ఒకసారి, ఎడమపాదం ఒకసారి తట్టాలి. చేతులు పైకి లేచి, పూలు కోసి తెచ్చినట్టు చుట్టూ తిరిగి, మనతో పాటు కిందికి దిగాలి. మోకాళ్ళు పక్కలకి విచ్చుకుని, మడమల మీద కూర్చుని, వేళ్ళ కొసలతో నేలని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకోవాలి. మళ్ళీ ఎక్కడా తూలకుండా లేవాలి. చెప్పడానికి నాలుగు మాటలే. చెయ్యడానికి, ముఖ్యంగా ఆ లేవడానికి, నాకు పదిహేను రోజులు పట్టింది.

అప్పుడు చదివే శ్లోకం నాకు ముందే వచ్చు. మా నాయనమ్మ రోజూ తెల్లవారుజామున మంచం దిగేముందు, పాదం కింద పెట్టకుండా, వంగి నేలని తాకి అదే చదివేది. "సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే, విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే." సముద్రాన్ని చీరగా కట్టుకున్న తల్లీ, నా కాలు తగులుతున్నందుకు క్షమించు అని. నాయనమ్మ చదివేది నాట్యంలో ఎందుకని మాస్టారినే అడిగాను. ఆయన గచ్చు మీద అరచెయ్యి ఆనించి చెప్పారు: "నాయనమ్మ రోజంతా దీని మీద నడవబోతుంది, అందుకు. నువ్వు గంటసేపు దీన్ని కొట్టబోతున్నావు. అది నీకేం చేసింది? నిన్ను మోస్తోంది. ముందుగా చెప్పుకోవద్దూ?"

ఆ మాట విన్న సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ చెప్పుల్లో పాదాలు మెల్లగా వేశానని బాగా గుర్తు.

భూమికి అయ్యాక మిగిలినవి మూడు నమస్కారాలు. చేతులు జోడించడం ఒకటే, జోడించే చోటు మారుతుంది. దేవుడికైతే తల పైన, గురువుకైతే ముఖం ఎదురుగా, పెద్దలకీ సభకీ గుండె దగ్గర. అభినయదర్పణమనే పాత నాట్యగ్రంథంలో అంజలి హస్తానికి, అంటే జోడించిన చేతులకి, నందికేశ్వరుడు ఇచ్చిన వినియోగం అది, దేవతలకి, గురువులకి, విప్రులకి అని. మాస్టారు విప్రులన్న చోట సభలో కూర్చున్న అందరినీ చేర్చి చెప్పేవారు. "చూడ్డానికొచ్చినవాడు ఎవడైనా పెద్దే" అనేవారు. గురువు నమస్కారం దగ్గర మాకొక ఇబ్బంది ఉండేది. చేతులు ముఖానికి ఎదురుగా వచ్చేసరికి ఎదురుగా పీట మీద ఆయనే కూర్చుని ఉండేవారు. అందరం ఆయన్ని చూసేవాళ్ళం. ఆయన మాత్రం ఆ ఒక్క క్షణం చేతిలో కర్ర ఆపి, కళ్ళు మూసుకునేవారు. ఆయన ఎవరికి పెట్టుకునేవారో మాకు తెలిసేది కాదు. వాళ్ళ గురువుగారికి అయి ఉంటుందని పెద్దయ్యాక అనుకున్నాను.

రెండో ఏడు పుష్పాంజలి, ఆట మొదట్లో పూలు వేసి చేసే ప్రార్థన, మొదలుపెట్టారు. అభినయదర్పణంలోదే మరో శ్లోకం నోట్సులో రాయించారు. విఘ్నాలు పోవడానికి, భూతాల రక్షణకి, దేవతల తృప్తికి, చూసేవాళ్ళ ఐశ్వర్యానికి, నాయకుడి శ్రేయస్సుకి, పాత్ర సంరక్షణకి, ఆచార్యుడు నేర్పింది సిద్ధించడానికి ఈ పుష్పాంజలి మొదలుపెడుతున్నాను అని దాని భావం. నాకు అందులో "పాత్రసంరక్షణాయ చ" అన్నది తెగ నచ్చింది. ఎందుకంటే నాకు అర్థమైన మాట అదొక్కటే. మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళినప్పుడు, గిన్నెలు తోముతున్న పిన్నిగారితో, "మీ గిన్నెల కోసం కూడా పూలు వేస్తున్నాం పిన్నిగారూ, శ్లోకంలో ఉంది" అన్నాను. ఆవిడ చేతిలో బూడిద అలాగే ఉండగా నవ్వి, "పాత్రంటే గిన్నె కాదే పిల్లా, పాత్రంటే నువ్వు. ఆడే మనిషి. నువ్వు పడిపోకుండా, కాలు బెణక్కుండా, భయపడకుండా చూడమని అడగడం అది" అన్నారు. ఆ తర్వాత శ్లోకం మొత్తం ఒక్క అక్షరం తప్పకుండా చదివారు. మాస్టారు నాకు రాయించి అప్పటికి పావుగంట కూడా కాలేదు. పిన్నిగారికి ఇదంతా ఎలా వచ్చని నేను అడగలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళకి అన్నీ వచ్చనిపిస్తుంది.

ఆ శ్లోకంలో ప్రతి మాటకీ మాస్టారు అర్థం చెప్పారు గానీ చివరి దాన్ని వదిలేశారు. "ఆచార్యశిక్షా సిద్ధ్యర్థం" అన్నది. క్లాసులో అందరికన్నా పెద్దమ్మాయి అడిగితే, "అది మీరు నాకోసం అడిగేది. దానికి నేనెట్లా అర్థం చెప్తాను?" అని తాళం మొదలుపెట్టేశారు.

వానలు బాగా పడ్డ ఏడాది, కరెంటు పోయిన సాయంత్రాల్లో క్లాసు ఉండేది కాదు, కథ ఉండేది. జర్జరం కథ నేను వినగా మాస్టారు నాలుగైదుసార్లయినా చెప్పి ఉంటారు. బ్రహ్మ ఋగ్వేదం నుంచి పాఠ్యం, సామవేదం నుంచి గీతం, యజుర్వేదం నుంచి అభినయం, అథర్వవేదం నుంచి రసం తీసి నాట్యవేదం చేశాడు. భరతుడు తన కొడుకులతో దాన్ని ఇంద్రధ్వజోత్సవంలో మొదటిసారి ప్రదర్శించాడు. అసురులు ఓడిపోయిన కథ ఆడుతుంటే అసురులకి కోపం రాదా? విఘ్నాలు సృష్టించి నటుల మాటలు, కదలికలు, జ్ఞాపకం మొద్దుబారిపోయేలా చేశారు. ఇంద్రుడు ధ్వజం కర్ర పీకి వాళ్ళని జర్జరం చేశాడు, అంటే ముక్కచెక్కలు. అప్పటి నుంచి ఆ కర్రకి జర్జరమని పేరు, రంగం మీద దానికి పూజ. "చూశారా, మొట్టమొదటి ప్రదర్శనలోనే నటులు పాఠం మరిచిపోయారు" అనేవారు మాస్టారు చీకట్లోంచి. "అందుకే ముందు ప్రార్థన. మరిచిపోకుండా ఉండడానికి." ఈ కథలో నాకు ఇప్పటికీ ముఖ్యమనిపించేది ఇంద్రుడూ కాదు, కర్రా కాదు. స్టేజీ మీద హఠాత్తుగా ఒళ్ళు మొద్దుబారి, ఏ అడుగు తర్వాత ఏది వస్తుందో తెలియని ఆ భయానికి రెండు వేల ఏళ్ళ నాటి శాస్త్రంలో చోటుందని. ఆ భయం నాకు బాగా తెలుసు.

ఇక "పరాకు" సంగతి. ఇంట్లో మా అమ్మ రోజుకి పదిసార్లు నన్ను తిట్టే మాట అది. పాలు పొంగిపోతే పరాకు, పలక మరిచిపోతే పరాకు. కూచిపూడిలో ఆట మొదలయ్యేముందు అమ్మవారిని తలుచుకుంటూ పాడేదేమో "అంబ పరాకు, దేవి పరాకు" అని. అమ్మవారికి పరాకేమిటి? ఆవిడ కూడా పాలు మరిచిపోతుందా? నేను అడగలేక ఆరు నెలలు మనసులో పెట్టుకుని, ఒకరోజు అడిగేశాను. మాస్టారు కోప్పడలేదు. "రాజుగారు సభకొస్తుంటే ముందు నడిచేవాడు ఏమని అరుస్తాడు? బహుపరాక్! అంటే జాగ్రత్త, ఇటు చూడండి అని. మాట ఒకటే, ఇంట్లో వాడుకలో అది తిరగబడింది. ఇక్కడ మనం అమ్మవారిని ఇటు చూడమంటున్నాం, మమ్మల్ని ఏలుకోమంటున్నాం. నువ్వేమో ఆవిడ వస్తోంది, జాగ్రత్తగా ఉండాలి." అప్పటి నుంచి అమ్మ "ఏమిటే ఆ పరాకు" అన్నప్పుడల్లా నా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది.

ఆ పాట పాడగా నేను మొదటిసారి కూచిపూడిలోనే విన్నాను. 1983లో, మాస్టారు పెద్ద పిల్లల్ని, నేను బతిమాలితే వాళ్ళతో నన్నూ, సత్యభామ కథ ఆడే భామాకలాపం చూపించడానికి తీసుకెళ్ళారు. పిన్నిగారు కూడా వచ్చారు. గుడివాడలో బస్సెక్కి పామర్రులో మారాం. ఊళ్ళోకి దిగగానే మాస్టారు మమ్మల్ని రామలింగేశ్వరుడి గుడికి, బాలాత్రిపురసుందరి దగ్గరికి తీసుకెళ్ళి నమస్కారం చేయించారు. ఆ గుడి రాళ్ళు సాయంత్రమైనా వేడిగానే ఉన్నాయి. వేళ్ళు కాలినా ఎవ్వరం తియ్యలేదు.

రాత్రి ఆట మొదలవడానికి ముందు జరిగింది నాకు ఆటకన్నా ఎక్కువ గుర్తుంది. ఒకాయన వచ్చి నీళ్ళు చల్లాడు. ఒకాయన ధూపం వేశాడు. ఒకాయన దీపం చూపించాడు. ఇంకొకాయన జర్జరం పట్టుకొచ్చాడు. నేను మాస్టారి మోచెయ్యి పట్టుకుని, "అదేనా?" అన్నాను. "అదే" అన్నారు. చీకట్లో వినే కథలోని కర్ర కళ్ళెదుట నడిచి వచ్చింది. వెనక నిలబడ్డ వాళ్ళంతా గొంతు కలిపి "అంబ పరాకు" అందుకున్నారు. నా చుట్టూ నేల మీద కూర్చున్న ఊరి జనం, చంకలో పిల్లల్ని పెట్టుకున్న ఆడవాళ్ళు, తువాలు పరుచుకున్న ముసలివాళ్ళు, ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఇద్దరు తెర పట్టుకున్నారు, తెర పైనుంచి సత్యభామ జడ వచ్చి ఇవతల పడింది. ఆ జడ చూసి ఈలలు వేసినవాళ్ళూ ఉన్నారు, దణ్ణం పెట్టినవాళ్ళూ ఉన్నారు.

భామ వేషంలో ఉన్నది మగవాడని తెలిసి నాకు నోట మాట రాలేదు. పూర్వం ఆ ఊళ్ళో ఆడవేషాలన్నీ మగవాళ్ళవే. భాగవతుల ఇంట పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామగా నిలబడితే ఆడవాళ్ళే ఆయన నడక చూసి నేర్చుకోవాలనిపించేదట. మరి ఆ ఇళ్ళల్లో ఆడపిల్లలో? ఆ రాత్రి ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తిరుగు బస్సులో పిన్నిగారి ఒళ్ళో పడుకుని, "మీ నాన్నగారు కూడా భామ కట్టేవారా?" అని మాత్రం అడిగాను. "కట్టేవారు. సవరం పెట్టి జడ నేనే వేసేదాన్ని. ఏడేళ్ళప్పటి నుంచీ" అన్నారు. మా అందరికీ ప్రోగ్రాముల్లో జడలు ఆవిడే వేసేవారు. జడగంటలు, చంద్రవంక, సూర్యుడు, నాగరం అన్నీ పెట్టాక తల ఎంత ఊపినా ఒక్క పిన్ను జారేది కాదు. ఆ వేళ్ళు ఎక్కడ నేర్చుకున్నాయో అప్పుడు తెలిసింది.

నా గజ్జెపూజ, మొదటిసారి గజ్జెలు అందుకునే పూజ, విజయదశమికి అయింది. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కొత్త పట్టుపరికిణీ గుచ్చుకుంటూ ఉంది, చుట్టాలొచ్చారు, నటరాజు ముందు పెట్టిన గజ్జెలు మాస్టారు రెండు చేతులతో ఇచ్చారు. బరువుగా ఉన్నాయి. అంతే గుర్తు. దానికన్నా ఆ నవరాత్రుల్లో అమ్మవారి గుడి ముందు వేసిన స్టేజీ బాగా గుర్తుంది. పీపాల మీద చెక్కలు పరిచి, పైన జంపఖానా వేశారు. భూమికి నమస్కారం చెయ్యబోతే అక్కడ భూమి లేదు, చెక్కలు. కూర్చోగానే ఊగాయి. మేకు తల ఒకటి జంపఖానాలోంచి పొడుచుకొచ్చి ఉంది. నా వేళ్ళు నేల కోసం వెళ్ళి ఆ మేకు మీద పడ్డాయి. నమస్కారం చెయ్యకుండా నేరుగా అడుగు వేసి ఉంటే అది మడమలో దిగేది. కిందికొచ్చాక మాస్టారికి చెప్తే ఆయన ఏమీ అనకుండా స్టేజీ మీదికెళ్ళి, రాయి తీసుకుని ఆ మేకు కొట్టేసి వచ్చారు. తర్వాత ఆడాల్సిన చిన్నపిల్లలు అప్పటికే మెట్ల మీద ఉన్నారు.

1988లో విజయవాడలో జరిగింది మాత్రం ఇన్నేళ్ళయినా తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

అంతర్ జిల్లా పోటీలు. నాకు పదిహేనేళ్ళు. దశావతార శబ్దమనే నాట్యాంశం, దానికి ముందు నమస్కారం, అన్నీ కలిపి వాళ్ళిచ్చిన టైములోనే సరిపోయేలా మాస్టారు కూర్చారు. పొద్దున తొమ్మిదికి మొదలవ్వాల్సింది పదకొండున్నర దాకా మొదలవలేదు. మేకప్ చెమటకి కారుతోంది. చివరికి నా వంతు ఇంకో రెండు పేర్ల తర్వాత అనగా, బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన వచ్చి, "లేటయిపోయింది, ప్రార్థనలూ దండాలూ వద్దు, డైరెక్టుగా ఐటమ్‌లోకి వెళ్ళిపోండి, లేకపోతే మధ్యలో కట్ చేస్తాం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నమస్కారం లేకుండా ఎలా మొదలుపెట్టాలో నా ఒంటికి తెలియదు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. కాళ్ళు నిజంగానే మొద్దుబారాయి. కథలో అసురులు చేసింది ఇదేననిపించింది.

మాస్టారు వాదిస్తారనుకున్నాను. వాదించలేదు. "అలాగేనండీ" అని, నా భుజం పట్టుకుని హాలు వెనక తలుపులోంచి బయటికి తీసుకెళ్ళారు. అక్కడ నీళ్ళ కొళాయి, పక్కన వేపచెట్టు, విరిగిన కుర్చీల కుప్ప, కంకర కలిసిన మట్టి. "ఇక్కడ చెయ్యి" అన్నారు. ఆయన దగ్గర కర్ర లేదు, తాళాలు లోపల పెట్టి వచ్చారు. అరచేత్తో వేపచెట్టు మొదలు మీద తట్టారు. తత్, ధిత్, తోం, నం. పూర్తి ఆహార్యంతో, గజ్జెలతో, ఆ కంకర మీద అరికాళ్ళకి గుచ్చుకుంటుండగా నమస్కారం చేశాను. కొళాయి దగ్గర పళ్ళేలు కడుగుతున్న ఇద్దరాడవాళ్ళు చెయ్యి ఆపి చూశారు. మూడో నమస్కారం, సభకి పెట్టేది, వాళ్ళకే పెట్టాను. ఒకావిడ తడిచేతులతోనే తిరిగి దణ్ణం పెట్టింది.

లేచాక చూసుకుంటే పారాణి పాదాల నిండా మట్టి. లోపలికెళ్ళి కడుక్కోబోతే, మాతో పాటు వచ్చిన పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "కడక్కు, ఉండనీ" అన్నారు. ఆవిడ గొంతు అంత గట్టిగా అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ మట్టి పాదాలతోనే స్టేజీ ఎక్కాను. రెండో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసులు ఇచ్చారు. అవి మా అమ్మ దగ్గర చాలాకాలం ఉన్నాయి.

తర్వాత కాలేజీ, ఉద్యోగం, 1996లో పెళ్ళి, హైదరాబాదు. నాట్యం ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, అదే ఆగింది. మూడో అంతస్తు ఫ్లాటులో పలకరాళ్ళ మీద అడుగు వేస్తే కిందింటివాళ్ళకి వినిపిస్తుంది. మా అమ్మాయి పుట్టాక మోకాళ్ళు కూడా మునుపటిలా లేవు. కానీ నమస్కారం మాత్రం పోలేదు. పొద్దున అందరూ లేవకముందు, పాదాలు తట్టకుండా, చప్పుడు లేకుండా చేసుకుంటాను. లేచేటప్పుడు సోఫా చెయ్యి పట్టుకుంటాను. మాస్టారు పోయి పన్నెండేళ్ళయింది. ఆయన చివరి రోజుల్లో నేను వెళ్ళలేకపోయాను. ఆఫీసులో సెలవు దొరకలేదని ఇంట్లో చెప్పాను, అది పూర్తిగా నిజం కాదు. ఆయన్ని మంచం మీద చూడలేననిపించింది. ఆ తప్పు నా మనసులో అలాగే ఉంది.

మొన్న సంక్రాంతికి వారం ముందు మా క్లాసు పెద్దమ్మాయి ఫోను చేసింది. మాస్టారిల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారు, కనుమనాడు వీలైనవాళ్ళం వెళ్దాం అని. పదకొండుమందిమి చేరాం. ఒకావిడ బెంగళూరు నుంచి వచ్చింది. అందరికీ యాభై దాటాయి. సామాను అప్పటికే పిన్నిగారి అబ్బాయి ఇంటికి తరలించారు. గోడల మీద పటాలు తీసేసిన చోట్ల సున్నం తెల్లగా చదరాలుగా ఉంది. వరండా గచ్చు మాత్రం తుడిచి ఉంది. ఎనభై దాటిన పిన్నిగారు పొద్దున్నే ఆటోలో వచ్చి తుడిచారట.

కాసేపు ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఎవరో వెళ్ళి తన మచ్చ మీద నిలబడింది. తర్వాత ఒకరి వెనక ఒకరం, ఎవరి చోటికి వాళ్ళం వెళ్ళిపోయాం. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ముందు వరసలో ఉండాల్సినవాళ్ళు ఇప్పుడు వెనకవాళ్ళకన్నా పొడుగ్గా ఉన్నా అదే వరస. చేతులు గుండెల ముందుకి తెచ్చుకుని ఆగిపోయాం. జతి, ఆ నాలుగు అక్షరాలు, ఎవరు చెప్తారు? పెద్దమ్మాయి మొదలుపెట్టబోయి ఏడ్చేసింది. ఒకరు ఫోనులో ఏదైనా ఆడియో దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టారు.

గడప అవతల నుంచి వినిపించింది. "తత్... ధిత్... తోం... నం..."

పిన్నిగారు ఎప్పుడూ కూర్చునే చోటే, చేట లేకుండా, ఉత్త చేతులతో కూర్చుని ఉన్నారు. చెక్క మీద కర్ర తగిలినట్టు గడప మీద వేలితో తాళం వేస్తున్నారు. మాస్టారు ఆగేచోటే ఆగారు, సాగదీసేచోటే సాగదీశారు. మేం చేశాం. మోకాళ్ళు చప్పుళ్ళు చేశాయి, ఇద్దరు మధ్యలోనే నిలబడిపోయారు, అయినా చేశాం. అయ్యాక ఆవిడ నా వైపు చూసి, "నీ ఎడమ మడమ ఎప్పుడూ రవ్వంత ముందు పడుతుందే. చిన్నప్పటి నుంచీ అంతే" అన్నారు. ఆవిడ కూర్చున్న చోటు నుంచి మా పాదాలు కనిపించవు. అన్నేళ్ళూ చప్పుడు విని లెక్కపెట్టుకున్నారు.

బెంగళూరావిడ అడిగింది, మేం నలభై ఏళ్ళుగా అడగని ప్రశ్న: "మీరెప్పుడూ చెయ్యలేదా పిన్నిగారూ?"

"మా రోజుల్లో ఆ ఊళ్ళో ఆడపిల్లలకి ఎవరు చెప్పారమ్మా? మా నాన్న వరండాలో మగపిల్లలకి చెప్తుంటే లోపల కూర్చుని వినేదాన్ని. ఇక్కడికొచ్చాకా అంతే. ఆయన ఒకసారి రమ్మన్నారు, నువ్వూ నేర్చుకో అని. చిన్నపిల్లల పక్కన నిలబడడానికి సిగ్గేసింది."

ఎవరం ఏమీ మాట్లాడలేదు. పెద్దమ్మాయి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పిన్నిగారు వద్దు వద్దంటూనే లేచారు. కొంగు నడుముకి దోపుకున్నారు. గడప దాటేముందు వంగి దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. వరండా మధ్యకొచ్చి, మా మధ్య అటూ ఇటూ చూసి, "ఎక్కడ నిలబడనే?" అన్నారు.

"నేల చూసుకోండి" అన్నాం ఇద్దరు ముగ్గురం ఒక్కసారే.

రెండో వరసలో రానివాళ్ళ మచ్చ ఒకటి ఖాళీగా ఉంది. ఆవిడ దాని మీద నిలబడ్డారు. మేమందరం తాళం వేస్తూ జతి చెప్పాం. ఆవిడ పూర్తిగా కూర్చోలేకపోయారు. స్తంభం పట్టుకుని వంగి, వేళ్ళ కొసలతో ఎర్రగచ్చుని తాకారు. తల పైన చేతులు జోడించారు. తర్వాత ముఖం ఎదురుగా జోడించి, ఖాళీగా ఉన్న పీట చోటు వైపు తిరిగి, కళ్ళు మూసుకున్నారు. తర్వాతి అక్షరం చెప్పకుండా మేం ఆగాం. ఆవిడ చేతులు గుండె దగ్గరికి దిగేదాకా ఆగాం.